నూకాలు పిన్ని కేక

ఆషాఢ శుద్ధ విదియ

ఈ పుస్తకం గాలి, అల, పోటు, పాటు రాయడానికి ఇచ్చారు. పదకొండేళ్లుగా అవే రాస్తున్నాను. ఇవాళ మాత్రం రాయను. గాలి ఎటు వీస్తే నాకేం? నన్ను దొంగ అన్నారు.

ఒడ్డు నుంచి కంఠ రక్షణ శాఖ అధికారి ఇందుశేఖరం గారు పొద్దున్నే పడవలో వచ్చారు. నా శబ్దాల గదిలో, నా కుర్చీలో కూర్చుని, నేను తయారుచేసిన పెట్టె పలికే శబ్దాన్ని జల్లెడకు వినిపించమన్నారు. జల్లెడ అంటే వాళ్ల యంత్రం, కొబ్బరిచిప్పంత ఉంటుంది. ఏ శబ్దం వినిపించినా అందులో మనిషి పాలు నూటికి ఎంతో చెబుతుంది. నలభై దాటితే మనిషి గొంతు కింద లెక్క. మనిషి గొంతును యంత్రం చేత పలికించడం నేరం.

నా శబ్దానికి డెబ్భై ఒకటి వచ్చింది.

"ఎవరి గొంతండీ ఇది?" అన్నారాయన, కలం తీసి.

"ఎవరిదీ కాదు. నేను చేసింది."

"గొంతును ఎవరూ చెయ్యలేరు తాతారావు గారూ. ఎవరి దగ్గరో తియ్యాలి. ఎవరి దగ్గర తీశారో చెబితే మీకే మంచిది."

ఒళ్లు మండిపోయింది. పెట్టె మూత తీసి ముక్కముక్కా చూపించాను. మొదట ఒక అల. గీత గీస్తే రంపం పళ్లలా ఉంటుంది, వింటే పాత ఇంజను గొణుగుతున్నట్టు ఉంటుంది. దాని పక్కనే అలాంటిదే ఇంకొకటి, వెంట్రుకవాసి శ్రుతి తప్పించి. రెండూ ఒరుసుకుంటే జీర పుడుతుంది. తర్వాత రెండు ఫిల్టర్లు. మన నోరు చేసే పని అవి చేస్తాయి. నోరు తెరిచినప్పుడు ఏ శ్రుతి మెట్లు బలంగా మోగుతాయో వాటిని లేపి, మిగతావాటిని అణిచేస్తే ఆ మోత "ఆ" అంటుంది. మెట్లను కిందికి జరిపితే "ఓ" అంటుంది. ఇందులో గొంతెక్కడ? నాలుకెక్కడ? ఇంజను మోతకు నోరు కుట్టాను, అంతే కదా!

ఆయన అంతా ఓపిగ్గా విన్నారు. "మా కాగితంలో ఎలా చేశారు అన్న గడి లేదండీ. ఎవరిది అన్న గడే ఉంది," అన్నారు.

ఆ గడిలో ఆయన "చెప్పడానికి నిరాకరించారు" అని రాసుకున్నారు. నిరాకరించానట! గంటసేపు నోరు నొప్పెట్టేలా చెప్పింది నిరాకరించడమా?

ఆషాఢ శుద్ధ తదియ

నిన్న కోపంలో అసలు సంగతి రాయలేదు.

మా తెప్పలవాడ ముప్పై ఎనిమిది ఇనుప బార్జీల ఊరు. ఒడ్డు మునిగినప్పుడు మా తాతల కాలంలో కట్టుకున్నారు. బార్జీకీ బార్జీకీ మధ్య మోకులు. పెద్ద అల వచ్చినప్పుడు మోకులన్నీ ఒక్కసారి వదలాలి, అల దాటాక ఒక్కసారి లాగాలి. ఒక మోకు వెనకబడితే రెండు బార్జీలు ఢీకొంటాయి, మధ్యలో ఉన్నవాళ్లు ఉండరు. మోటార్లు పెట్టి చూశాం, ఉప్పుగాలికి ఏడాది కూడా బతకలేదు. అందుకే నలభై ఇద్దరు మనుషులు బార్జీల అడుగున మోకుగదుల్లో నిలబడతారు. వాళ్లకు సముద్రం కనపడదు, ఒకరికొకరు కనపడరు. వాళ్లకు తెలిసేదల్లా పైనుంచి వచ్చే కేక.

ఆ కేక మా నూకాలు పిన్నిది. గరికిన నూకాలు. ఇరవై ఆరేళ్లుగా వాడగుంజ అనే ఎత్తైన ఇనుప స్తంభం మీద కూర్చుని అలను చూస్తూ కేక వేసింది. ఆ కేక మైకులోంచి ఇనుప దిమ్మకు, దిమ్మ నుంచి బార్జీల ఇనుముకు పోయేది. మోకుగదిలో దాన్ని చెవితో వినరు, అరికాళ్లతో వింటారు. "ఓ" అని సాగదీస్తే వదలడం, "ఆ" అని లేపితే లాగడం. ఎంత సాగిస్తే అంత వదలాలి. సన్నటి గొంతులు ఇనుములో చచ్చిపోతాయి. పిన్నిది మగవాళ్లకు కూడా లేనంత లావు గొంతు. ఆమె తర్వాత ఏడుగురు ప్రయత్నించారు, ఎవరిదీ మోకుగది దాకా దిగలేదు.

మాఘంలో పిన్ని గొంతులో గడ్డ అన్నారు. ఒడ్డు ఆసుపత్రిలో గొంతుపెట్టె మొత్తం తీసేశారు. మెడ మీద చిన్న రంధ్రం, దాని మీద తడిగుడ్డ. ఊపిరి అక్కడి నుంచే తీస్తుంది. మాట లేదు. చెప్పాల్సింది పలక మీద రాస్తుంది. కోపం వస్తే పెదాలతో తిడుతుంది, చప్పుడు రాదు గానీ ఏం తిట్టిందో మాకు తెలిసిపోతుంది.

ఇప్పటికి ఒడ్డువాళ్లు ఇచ్చిన కూతడబ్బా నడుస్తోంది. అది పీక్ అంటుంది. ఎంత వదలాలో పీక్‌లో తెలియదు. మాఘం నుంచి సముద్రం మెత్తగా ఉంది కాబట్టి సరిపోయింది. శ్రావణ పౌర్ణమికి పెద్ద పోటు వస్తుంది. అప్పటికి మంచి కేక లేకపోతే తెప్పలవాడను విప్పేసి అందరినీ ఒడ్డు శిబిరాలకు పంపుతామని శాఖవాళ్లు ఉత్తరం రాశారు.

అందుకే నేను పిన్ని కేకలాంటి మోత చేశాను. ఆమె గొంతు రికార్డు ఒక్క క్షణం కూడా వాడలేదు, అసలు మా దగ్గర లేనే లేదు. అబద్ధపు గొంతుల రోజుల్లో ఎవరో యంత్రంతో నా గొంతు పలికించి పిలిస్తే మా అమ్మ తలుపు తీసింది. ఆ తలుపు తీశాక ఏం జరిగిందో ఇక్కడ రాయను. ఆ చట్టం ఎందుకు వచ్చిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను జ్ఞాపకంతో చేశాను. ఇరవై ఆరేళ్లు అరికాళ్లతో విన్నది గుర్తుండదా?

ఆషాఢ శుద్ధ ద్వాదశి

వాళ్లు మనిషి తక్కువ కావాలన్నారు కదా, తగ్గించాను. జీర తీసేశాను. మొదట్లో శ్రుతి కింది నుంచి పైకి ఎక్కే చిన్న జారుడు తీసేశాను. జల్లెడ ముప్పై ఎనిమిది చూపించింది.

ఇవాళ మోకుగదిలో పరీక్ష పెట్టాం. మోకుజట్టు పెద్ద అప్పలకొండ, నా చెల్లెలి మొగుడు, ఏడో మోకు దగ్గర నిలబడ్డాడు. మోత వచ్చింది. కొందరు వదిలారు, కొందరు ఆగారు. ఏడో మోకు బిగిసి గట్టు చెక్కను చీల్చేసింది. చెక్క అప్పలకొండ మోచేతిని గీరుకుంటూ పోయింది.

"ఏటి బావా అది? మడిసి కేకేసినట్టుందా? కుండలో కప్ప అరిసినట్టుంది," అన్నాడు, నెత్తురు తుడుచుకుంటూ.

"శాఖవాళ్లకు అలాగే కావాలిరా."

"ఆలకి కావాల్సింది ఆలకే ఇయ్యి. ఆలొచ్చి ఈ మోకట్టుకుంతారా?"

చెక్క ఇంకో బెత్తెడు ఇటు వచ్చి ఉంటే నా చెల్లెలికి ఏం చెప్పేవాణ్ని? ఇందుశేఖరం గారు మాత్రం ముప్పై ఎనిమిదిని చూసి "చక్కగా ఉంది" అని ఉత్తరం పంపారు. చక్కగా ఉందట! ఆయన అరికాళ్ల కింద ఎప్పుడైనా ఇనుము పలికిందా?

ఆషాఢ బహుళ సప్తమి

దొరికింది. సిగ్గు లేకుండా రాసుకుంటున్నాను, నేను ఘనుణ్ని.

జల్లెడ వినేది గాలిలో. మోకుజట్టు వినేది ఇనుములో. ఇనుము పైమెట్లను ఎలాగూ మింగేస్తుంది. జల్లెడ మనిషిని పట్టేది ఎక్కువగా ఆ పైమెట్లలోనే. అందుకని పైనున్నదంతా కోసిపారేసి, కిందున్న జీర, జారుడు మళ్లీ పెట్టాను. ఇంకా కింద, వినీ వినపడనట్టు, ఒక నున్నటి లావు అలను పరిచాను. గాలిలో వింటే పెద్ద తేనెటీగ. అరికాళ్లతో వింటే నూకాలు పిన్ని.

జల్లెడ ముప్పై ఏడు. అలను కొలిచే తేలుడుబుడ్డికి పెట్టెను కలిపాను. అది అల ఎత్తు చెబుతుంది, పెట్టె దాన్ని బట్టి కేకను సాగిస్తుంది. మూడు పరీక్షల్లోనూ నలభై ఇద్దరూ ఒక్క మనిషిలా వదిలారు. అప్పలకొండ మెట్లెక్కి వచ్చి నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ఇంకా మండుతోంది.

సాయంత్రం ఆమోదం కాగితం నింపాను. "ఈ యంత్రం ఎవరి స్థానంలో" అన్న గడి ఉంది. అందులో గుండ్రటి అక్షరాలతో గరికిన నూకాలు అని రాశాను. ఆ పేరు రాసేటప్పుడు ఛాతీ పొంగింది. ఆమె పేరు మీద ఈ కేక ఎప్పటికీ ఉంటుందనుకున్నాను.

శ్రావణ శుద్ధ తదియ

ఆమోదం వచ్చింది. దానికి ఇంకో కాగితం గుచ్చి ఉంది.

"కేక యంత్రం గరికిన నూకాలు స్థానంలో అమర్చబడినందున వాడగుంజ కొలువు రద్దు. కొలువు లేనివారికి బార్జీ మీద చోటు ఉండదు గనుక సదరు నూకాలు శ్రావణ పౌర్ణమిలోగా ఒడ్డు శిబిరానికి చేరవలెను."

నాలుగుసార్లు చదివాను. కొలువు ఉన్నవాళ్లకే బార్జీ మీద చోటు, ఆ నియమం నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. ఆపరేషన్ అయ్యాక కూడా పిన్ని పేరు పట్టీలో ఉందంటే, ఆ చోటులోకి ఇంకెవరూ రాలేదు కాబట్టి. ఇప్పుడు వచ్చారు. తెచ్చింది నేను. గుండ్రటి అక్షరాలతో!

ఒడ్డు మీద ఆమెకు ఎవరూ లేరు. ఇరవై ఆరేళ్లలో ఆమె నేల మీద కాలు పెట్టింది ఒక్క ఆసుపత్రికే. అక్కడ శిబిరంలో పలక పట్టుకుని, మెడ మీద తడిగుడ్డతో ఎవరికేం చెప్పుకుంటుంది? ఈ ఊరిని ఇరవై ఆరేళ్లు నిలబెట్టిన మనిషిని ఒక గడితో గెంటేస్తారా? అని తిట్టుకుంటూ కూర్చున్నాను. శాఖను తిట్టాను, ఇందుశేఖరం గారిని తిట్టాను, చివరికి అద్దంలో చూసుకుని తిట్టవలసినవాణ్ని తిట్టాను.

శ్రావణ శుద్ధ చవితి

కాగితం తీసుకుని వాడగుంజ దగ్గరికి వెళ్లాను. పిన్ని గుంజ తాడు ముడి వేస్తోంది. రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి. నేను పిరికివాణ్ని. కాగితం ముందు ఇవ్వలేదు. పెట్టె కూడా మోసుకెళ్లాను, ముందు కేక వినిపిస్తే కోపం తగ్గుతుందని నా తెలివి. పెట్టె స్పీకరుకు మూరెడు రబ్బరు గొట్టం బిగించి ఉంటుంది. దాని రెండో కొనను గుంజ ఇనుముకు ఆనించి ఇనుము ఎలా పలుకుతుందో చూసుకుంటాను. అలాగే ఆనించి, ఎడతెగకుండా మోత పెట్టి, అప్పుడు కాగితం ఆమె ముందు పరిచాను.

చదివింది. నా వైపు చూసింది. దానికి గుచ్చి ఉన్న, నేను నింపిన కాగితంలో నా దస్తూరి గుర్తుపట్టింది.

ఇక పెదాలు మొదలయ్యాయి. చప్పుడు లేని తిట్లు, కుంభవృష్టి. చేతులు వదిలితే ముడి జారిపోతుంది. వెనక నా పెట్టె ఆమె సొంత కేకతో మోగుతూనే ఉంది. అది భరించలేక వంగి, రబ్బరు గొట్టాన్ని పళ్లతో కరిచి గుంజ మీది నుంచి లాగేసింది. లాగుతూ కూడా తిట్టడం ఆపలేదు.

గొట్టం ఆమె పళ్ల మధ్య ఉంది. మోత ఆమె నోట్లోకి పోతోంది.

"...నీ దుంప తెగా! నన్ను డబ్బాలో ఎట్టి ఒడ్డుకి పంపుతావట్రా సచ్చినోడా?"

ఇద్దరం కొయ్యబారిపోయాం. ఆ మాట వచ్చింది ఆమె నోట్లోంచి. లావుగా, జీరగా, తెప్పలవాడ అంతా మెలకువ వచ్చేలా. గొంతు నాది, నా రంపపు అల. మాట ఆమెది. నాలుక ఉంది, పెదాలు ఉన్నాయి, అంగిలి ఉంది. ఆసుపత్రివాళ్లు తీసింది మోతను ఒక్కదాన్నే. ఏడు వారాలుగా నేను రెండు ఫిల్టర్లతో కుస్తీపట్టి నోరు కుడుతున్నాను. ఇంత మంచి నోరు గుంజ మీద ఖాళీగా కూర్చుని ఉండగా! ఒక్కసారి వెళ్లి ఆమెనే అడగాలని నాకు తోచలేదు. ఆమెను కొలిచాను, తలుచుకున్నాను, కాపీ కొట్టాను. అడగలేదు.

పిన్ని మెల్లగా తాడు ముడి పూర్తి చేసింది. గొట్టాన్ని దవడలోకి సర్దుకుంది. కళ్లు నిండాయి.

"ఓలమ్మో," అంది. మళ్లీ అంది, "ఓలమ్మో... నా నోరే!"

నేను ఏడ్చాను. రాస్తే రాశానులే, ఎవరు చదివినా నాకేం.

శ్రావణ శుద్ధ ద్వాదశి

పిన్ని కోసం ఇంకో పెట్టె చేసి, ఆమె కాలి కింద తొక్కుడుమీట పెట్టాను. తొక్కితే శ్రుతి పెరుగుతుంది, వదిలితే దిగుతుంది. ఈ పెట్టెలో ఫిల్టర్లు పెట్టలేదు. నోరు ముందర పాత మైకు, అక్కడి నుంచి పాత దిమ్మే. ఇందులో దాచిందేమీ లేదు, తీసిందేమీ లేదు. ఆమె అంటే వస్తుంది, ఆమె నోరు మూస్తే గొణుగుడే. "ఆ"కు ముందు ఒక చిన్న ఆగుడు ఉంటుంది, దాన్ని నేను ఎన్నడూ పట్టలేకపోయాను. ఆమెకు అది అడక్కుండానే వచ్చింది.

ఇందుశేఖరం గారిని పిలిచాం. జల్లెడ తొంభై ఆరు చూపించింది.

ఆయన ముఖం ఎర్రబడింది. "డెబ్భై ఒకటికే నోటీసు ఇస్తే తొంభై ఆరుకు తెస్తారా? నన్ను వెక్కిరిస్తున్నారా? యంత్రం మనిషిలా మాట్లాడకూడదండీ!"

"యంత్రం మాటాడలేదు బాబూ," అంది పిన్ని, గొట్టంతోనే. "నాను మాటాడతన్నాను. మీ సట్టం డబ్బాకి గదా? నాను మడిసిని."

"అమ్మా, మీకు కంఠం లేదని వైద్యుల కాగితం ఉంది. కంఠం లేనివారికి కంఠం ఉన్నట్టు నేను రాయలేను."

"మరి నీతో ఇంతసేపూ దెబ్బలాడతంది ఎవర్రా బాబూ?"

ఆయన కాగితం తిరగేశారు. జవాబు అందులో లేదు. పౌర్ణమికి పైఅధికారుల తరఫున స్వయంగా వచ్చి చూస్తానని, అప్పటిదాకా ఆమోదం పొందిన పెట్టెనే వాడాలని, నూకాలు గారి పడవ కూడా అదే రోజు సిద్ధంగా ఉంటుందని చెప్పి వెళ్లిపోయారు. కళ్ల ఎదుట మనిషి మాట్లాడుతుంటే లేదని రాసే చెయ్యి ఎలాంటి చెయ్యో!

శ్రావణ పౌర్ణమి

పోటు మధ్యాహ్నం వచ్చింది. ఆమోదం ఉన్న పెట్టె తేలుడుబుడ్డిని చూసి కేకలు వేస్తోంది. పిన్ని మూట కట్టుకుని గుంజ దగ్గర నిలబడి ఉంది, తన పెట్టె గొట్టం మెడలో వేలాడుతోంది. ఇందుశేఖరం గారిని నేనే మోకుగదిలోకి దింపాను, ఏడో మోకు పక్కకు. చెప్పులు విప్పించాను. విప్పనంటే విప్పేదాకా నిలబడ్డాను.

నాలుగు అలలు బాగానే దాటాయి. అయిదోదానికి పక్క నుంచి ఇంకో అల అడ్డంగా వచ్చి కలిసిందని పిన్ని తర్వాత చెప్పింది. బుడ్డికి అది కనపడదు, అది నిలువు ఒక్కటే కొలుస్తుంది. పెట్టె "ఆ" అనడం మొదలుపెట్టింది. లాగమంటోంది. వదలవలసిన సమయంలో!

అప్పుడు ఇనుములో ఇంకో గొంతు దిగింది. పెట్టె మోతను పక్కకు నెట్టేసి, "ఓ..." అని. మామూలుగా కాదు, ఇంకా ఇంకా సాగుతూ, ఇంకా వదలండిరా అన్నట్టు. ఎవరూ ఎవరినీ అడగలేదు. నలభై ఇద్దరూ వదిలారు. బార్జీ మా కింద పడవలా ఒరిగింది. గోడ అవతల పక్క బార్జీ బారెడు దూరంలో లేచి దిగిన చప్పుడు విన్నాం. ఆ తర్వాత చిన్న ఆగుడు.

"ఆ!"

లాగాం. నేను కూడా పట్టుకున్నాను. ఊపిరి తీసుకుని పక్కకు చూస్తే, నా వెనక మోకు మీద ఇంకో రెండు చేతులు ఉన్నాయి, కలం సిరా అంటినవి. ఇందుశేఖరం గారు ఒట్టికాళ్లతో, పళ్లు బిగించి లాగుతున్నారు. ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"వదలండి సార్, అయిపోయింది," అన్నాడు అప్పలకొండ.

ఆయన వదిలి తన చేతుల వైపు చూసుకున్నారు. "ఆవిడే కదా?" అన్నారు చివరికి.

"మరెవరనుకున్నారండీ?" అని గట్టిగానే అరిచాను. ఆరు వారాల కోపం నాది.

పైకెక్కాక ఆయన కొత్త కాగితం తీశారు. "ఎవరి గొంతు" అన్న గడి దగ్గర ఆగి పిన్ని వైపు చూశారు. ఆమె గొట్టం దవడలో పెట్టుకుని తన పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా. ఆయన రాశారు. పక్కన "మానవ కంఠం, తొంభై ఆరు" అని వేసి, సంతకం పెట్టి, పడవవాణ్ని ఖాళీగా వెళ్లిపొమ్మన్నారు.

సాయంత్రం పిన్ని ఆ కాగితాన్ని గుంజకు అంటించింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

"నూటికి తొంబయ్యారు నాదంట. మిగతా నాలుగూ ఎవులివిరా?"

"ఏమో పిన్నీ. జల్లెడ తప్పయ్యుంటుంది."

"తప్పు కాదులే," అంది. గొట్టం పళ్ల మధ్య సర్దుకుని నా నెత్తి మీద ఒక్క మొట్టికాయ వేసింది. "ఆ నాలుగూ నీయి."

నాలుగేనా? ఎనిమిది వారాలు నిద్రలేకుండా, దొంగనని అనిపించుకుని, అలలు కలిపి, జీర పుట్టించి, తొక్కుడుమీట చేసి, ఇంతా చేస్తే నాలుగా? ఈ మాట ఆమెతోనే అందామని నోరు తెరిచాను. ఆమె నవ్వుతోంది. ఆ నవ్వు అరికాళ్లకు తెలుస్తోంది.

గాలి నైరుతి. అల తగ్గుముఖం.